తుప్పు ముందు, ఇంజను తరవాత

పాత స్పోర్ట్స్ కారు కొని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు దాదాపు అందరూ మొదట చేసే పని బానెట్ ఎత్తి ఇంజను వంక చూడటం. కొత్త బ్యాటరీ తగిలిస్తారు, ప్లగ్గులు విప్పి తుడుస్తారు, కార్బురేటర్లో కాస్త పెట్రోలు పోస్తారు. ఏళ్ల తరబడి మూలపడ్డ ఇంజను నాలుగు దగ్గులు దగ్గి అందుకుందంటే ఇక వాళ్లకు పట్టపగ్గాలుండవు. పని సగం అయిపోయిందనే అనుకుంటారు. నిజానికి అప్పటికి పని మొదలే కాలేదు. ఇంజను విప్పి బల్ల మీద పెట్టుకోగలిగిన వస్తువు. అరిగితే బోరు కొట్టించవచ్చు, పిస్టన్లు మార్చవచ్చు, మరీ బాగుపడదనుకుంటే ఇంకో ఇంజను తెచ్చి దింపుకోవచ్చు. అలా విప్పి పక్కన పెట్టడానికి కుదరనిది రేకు. కారు నిలబడేదీ, వంగకుండా ఉండేదీ, తలుపు సరిగ్గా మూసుకునేదీ ఆ రేకు వల్లే. డబ్బు ఎక్కువగా తినేదీ అదే.

ఈ అధ్యాయానికి ఉదాహరణగా ఎంజీబీని తీసుకుంటున్నాను. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్ అనే ఊళ్లో 1962లో తయారవడం మొదలై, 1980 అక్టోబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడేదాకా 18 ఏళ్లపాటు వచ్చిన రెండు సీట్ల చిన్న కారు ఇది. అన్ని రకాలూ కలిపి 5 లక్షలకు పైగా చేశారు. అందులో ఎక్కువ భాగం ఓడలెక్కి అమెరికా చేరాయి. రెండో ప్రపంచ యుద్ధం బ్రిటన్‌ని అప్పుల్లో ముంచింది. యుద్ధం ముగిసిన తొలి ఏళ్లలో డాలర్లు తెచ్చిపెట్టే ఫ్యాక్టరీలకే ఉక్కు కేటాయింపుల్లో పెద్దపీట వేసేవారు. ఇంగ్లండులో ఉన్నప్పుడు పాత ఎంజీలు నడిపి రుచి మరిగిన అమెరికన్ సైనికులు ఆ మోజును ఇంటికి మోసుకుపోయారు. అలా పుట్టిన గిరాకీకి ఎంజీబీ అచ్చంగా సరిపోయింది. అందుకే ఇవాళ ఒహాయోలోనో, టెక్సాస్‌లోనో తొలిసారిగా ఒక దిగుమతి కారును బాగుచేద్దామని దిగేవాళ్లకు ఎవరైనా చెప్పే పేర్లలో ఇదొకటి. ధర ఆకాశంలో ఉండదు, విడిభాగాలన్నీ దొరుకుతాయి, కట్టుబడి సూటిగా ఉంటుంది.

మనకు ఎంజీ అంటే ఇప్పుడు షోరూముల్లో కనిపించే ఎత్తైన బండ్లు గుర్తొస్తాయి. ఆ పేరు చేతులు మారి మారి చైనా కంపెనీకి చేరింది. పాత ఎంజీబీతో మన చుట్టరికం వేరే చోట ఉంది. దశాబ్దాలపాటు మన రోడ్ల మీద తిరిగిన అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజనూ, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజనూ ఒక తల్లి పిల్లలే. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల ‘బి-సిరీస్’ ఇంజన్లవి. అంబాసిడర్ ఇంజను దింపి ఎక్కించిన విజయవాడ మేస్త్రీ ఎవరైనా ఎంజీబీ బానెట్ ఎత్తి చూస్తే కొత్తచోటుకి వచ్చానని అనుకోడు.

మొదటి వారం పానా పట్టుకోకూడదు. కావలసినవి ఒక టార్చి లైటు, మొద్దు మొన ఉన్న స్క్రూడ్రైవరు, గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, ఫొటోలు తీయడానికి ఫోను. అయస్కాంతాన్ని రేకు మీద మెల్లగా జరుపుకుంటూ పోతే అసలు రేకున్న చోట గట్టిగా లాగుతుంది. పుట్టీ మెత్తి పైన రంగు కొట్టిన చోట లాగడం తగ్గుతుంది, పుట్టీ మందంగా ఉంటే జారి కింద పడుతుంది. అయస్కాంత బలం దూరంతో చాలా వేగంగా తగ్గిపోతుంది కాబట్టి మూడు నాలుగు మిల్లీమీటర్ల పుట్టీ కూడా దాని కన్ను కప్పలేదు. ఒక్క చోట మాత్రం మోసపోకండి. తొలి ఏళ్ల ఎంజీబీల బానెట్ అల్యూమినియంతో చేసింది. దాని మీద అయస్కాంతం ఎక్కడా అంటుకోకపోతే అది పుట్టీ కాదు, అదృష్టం. పోగొట్టుకోకుండా దాచుకోవలసిన రేకు అది.

వెతకాల్సిన చోట్లు ఈ కారుకు ప్రత్యేకంగా ఉన్నాయి. ముందు చక్రాల వెనక మడ్‌గార్డు అడుగు, తలుపు కింద పొడుగునా ఉండే సిల్లు, తివాచీ కింద ఫ్లోరు అంచులు, సీట్ల వెనక బ్యాటరీ పెట్టెలు. 1974 దాకా ఈ కార్లలో 12 వోల్టుల బ్యాటరీ ఒకటి కాకుండా 6 వోల్టులవి రెండు, సీట్ల వెనక నేలలో చెరో పక్క ఉండేవి. ఎవరికీ కనిపించవు, ఎవరూ తుడవరు. ఏళ్ల తరబడి చిందిన యాసిడ్ ఆ పెట్టెల అడుగును తినేసి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తుప్పు ఎందుకు పడుతుంది అనడిగితే గాలీ నీరూ తగిలి అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. అది నిజమే. కానీ ఎక్కడ పడుతుంది అనడిగితే పెద్దవాళ్లు కూడా తప్పు చెబుతారు. గాలి బాగా తగిలే చోట ఎక్కువ పడుతుంది అనుకుంటాం. జరిగేది సరిగ్గా దానికి విరుద్ధం.

కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ అనే రసాయన శాస్త్రవేత్త 1920లలో ఈ సంగతిని ఒక్క నీటిచుక్కతో తేల్చి చూపించాడు. ఆ ప్రయోగం ఏ జూనియర్ కాలేజీ ల్యాబులోనైనా చేసుకోవచ్చు. ఒక ఇనప పలకను గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, దాని మీద ఒక పెద్ద ఉప్పునీటి చుక్క వేయాలి. ఆ నీటిలో ముందే రెండు సూచికలు కలిపి ఉంచాలి. ఒకటి పొటాషియం ఫెర్రిసయనైడ్, ఇనుము కరిగి నీట్లోకి వస్తే నీలం తిరుగుతుంది. రెండోది ఫినాఫ్తలీన్, క్షారం పుడితే గులాబీ రంగు చూపిస్తుంది. కాసేపు కదపకుండా వదిలేస్తే చుక్క నడిమధ్యన నీలం మచ్చ తేలుతుంది. అంచు చుట్టూ గులాబీ వలయం వస్తుంది. ఆ రెండింటికీ నడుమ మెల్లగా గోధుమరంగు గీత కడుతుంది. అదే తుప్పు.

చుక్క అంచు పల్చగా ఉంటుంది కాబట్టి గాలిలోని ఆక్సిజన్ అక్కడ నీట్లోకి తేలిగ్గా దిగుతుంది. చుక్క మధ్యలో నీరు మందం, అక్కడికి ఆక్సిజన్ అంతగా చేరదు. ఈ తేడా చాలు, ఆ పలక ఒక చిన్న బ్యాటరీ అయిపోవడానికి. మధ్యలో ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి నీట్లో కరిగిపోతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహంలోంచి అంచుకు ప్రవహించి అక్కడ ఆక్సిజన్‌ని, నీటిని కలిపి క్షారంగా మారుస్తాయి. కరిగిన ఇనుమూ, పుట్టిన క్షారమూ దారిలో ఎదురై తుప్పుగా పేరుకుంటాయి. అంటే దెబ్బ తినేది ఆక్సిజన్ అందని చోటు. తుప్పు కనిపించేది దానికి కాస్త పక్కన.

ఈ ఒక్క విషయం తెలిస్తే కారులో ఏ భాగం పోయి ఉంటుందో చూడకుండానే చెప్పొచ్చు. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పెట్టి స్పాట్ వెల్డింగ్ చేసిన అతుకుల మధ్య సందు, మడ్‌గార్డు లోపల పేరుకున్న బురద కింద, చెమ్మ పీల్చిన తివాచీ అడుగున, పుట్టీ వెనక. అన్నీ నీరు చేరి గాలి చేరని చోట్లే. పైగా తుప్పు తాను తిన్న ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే అతుకులు ఉబ్బి విచ్చుకుంటాయి, రంగు బొబ్బలెక్కుతుంది. రంగు మీద రూపాయి బిళ్లంత బొబ్బ కనిపిస్తే లోపల అరచేయంత రేకు పోయిందని లెక్క వేసుకోవడం మంచిది. అల్యూమినియానికి ఈ బాధ లేదు. దాని ఆక్సైడు పల్చని పొరగా అతుక్కుపోయి లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు గుల్లగా ఉండి, నీటిని పట్టి ఉంచి, లోపలికి ఇంకా దారి ఇస్తుంది.

ఉప్పు ఈ పనికి ఆజ్యం పోస్తుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కాబట్టి ఆ చిన్న బ్యాటరీలన్నీ జోరుగా పనిచేస్తాయి. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. కొన్ని చోట్ల కాల్షియం క్లోరైడ్ లాంటివి వాడతారు, అవి గాలిలోని తేమను కూడా లాక్కుని ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి. అక్కడ పది చలికాలాలు నడిచిన కారుకూ, అరిజోనా ఎడారిలో ముప్పై ఏళ్లు ఎండిన కారుకూ పోలికే లేదు. ఎడారి కారు డ్యాష్‌బోర్డు పగిలి ఉంటుంది, సీట్లు చిరిగి ఉంటాయి, రబ్బరు ముట్టుకుంటే పొడి అవుతుంది. చూడ్డానికి దిక్కుమాలినట్టు ఉంటుంది. ఉత్తరాదిలోని ఒహాయో కారు రంగు నిగనిగలాడుతుంది. తొలిసారి కొనేవాళ్లు ఎగబడేది రెండోదానికి. నన్నడిగితే కళ్లు మూసుకుని ఎడారిదే కొనమంటాను. తోలు, రబ్బరు, అద్దం, అన్నీ కేటలాగులో దొరుకుతాయి. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలికి కారు నిలిపినవాళ్లకు ఈ మాట వివరించి చెప్పక్కర్లేదు.

సిల్లు దగ్గర కాసేపు ఆగాలి. ఎంజీబీకి ముందు వచ్చిన ఎంజీఏ కారుకు కింద వేరే ఛాసిస్ ఉండేది, దాని మీద బాడీ కూర్చునేది. ఎంజీబీలో ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. ఎక్కువ వాటికి పైకప్పు కూడా లేదు. మామూలు కారులో పైకప్పు, దాని స్తంభాలు మోసే బరువు కూడా ఇక్కడ నేల మీదే పడుతుంది. అది మోసేవి నడుమ ఉన్న గేరుబాక్సు సొరంగం, రెండు పక్కలా ఉన్న సిల్లులు. ఒక్కో సిల్లు లోపలి రేకు, బయటి రేకు, ఆ రెంటికీ నడుమ నిలువు రేకు, అడుగున మరో పట్టీ, ఇవన్నీ అతికి చేసిన మూసిన పెట్టె. ఇందులో కీలకం ‘మూసిన’ అన్న మాటలో ఉంది.

ఒక కాగితం తీసుకుని గొట్టంలా చుట్టి, అంచు పొడుగునా టేపు అంటించండి. రెండు చివరలు పట్టుకుని మెలిపెట్టి చూడండి. గట్టిగా ఎదురు తిరుగుతుంది. ఇప్పుడు ఆ టేపును పొడుగునా కోసేసి మళ్లీ మెలిపెట్టండి. కాగితం అదే, బరువు అదే, గొట్టం ఆకారమూ అదే, కానీ చేతిలో ప్రాణం లేనట్టు తిరిగిపోతుంది. పల్చటి గుండ్రటి గొట్టానికి ఈ తేడాను లెక్క కట్టే సూత్రం చిన్నదే. వ్యాసార్ధాన్ని రేకు మందంతో భాగించి, వర్గం చేసి, 3తో గుణించాలి. 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధం, 1 మిల్లీమీటరు మందం ఉన్న గొట్టానికి పొడుగునా చీలిక పెడితే మెలికను తట్టుకునే బిగి 7500 రెట్లు తగ్గుతుంది. సిల్లు గుండ్రటి గొట్టం కాదు, కారులో దానికి తోడుండే రేకులూ ఉన్నాయి కాబట్టి మొత్తం కారు అంతలా సడలిపోదు. అయినా సిల్లు అడుగు అతుకు తుప్పుతో విచ్చుకుంటే నష్టం పోయిన రేకు తూకంలో ఉండదని అర్థమవుతుంది.

దీన్ని పరీక్షించడానికి యంత్రాలేవీ అక్కర్లేదు. కారు నాలుగు చక్రాల మీదా నిలబడి ఉండగా తలుపు చుట్టూ సందు చూడండి. పైన ఇరుకై కింద వెడల్పైతే కారు నడుము దిగుతోందని అర్థం. దూలం కిందికి వంగితే పై భాగం కుంచించుకుంటుంది కదా. తరవాత జాకీతో ఒక పక్క ఎత్తుతూ ఎవరినైనా తలుపు తీసి వేయమనండి. నేల మీద సాఫీగా పడిన తలుపు జాకీ మీద పట్టేస్తే సిల్లు పని అయిపోయినట్టే.

అలాంటి కారు సిల్లును గబగబా కోసేయడం కొత్తవాళ్లు చేసే పనుల్లో కెల్లా ఖరీదైనది. కోసిన మరుక్షణం కారు మడత పడటం మొదలుపెడుతుంది. ఆ వంగిన ఆకారంలోనే కొత్త సిల్లు వెల్డింగ్ చేస్తే జీవితాంతం తలుపు మూసుకోని కారు మిగులుతుంది. ముందు తలుపు తీసి, ఆ ఖాళీలో కబ్జాల స్తంభం నుంచి తాళం స్తంభం దాకా ఇనప కడ్డీ బిగించాలి. ఆ చివరి నుంచి ఈ చివరికి అడ్డంగా, ఐమూలగా కొలతలు తీసి గోడ మీద రాసుకోవాలి. ఒకసారి ఒక పక్కే కోయాలి. కొత్త సిల్లును పట్టకారుతో బిగించి, తలుపు పెట్టి చూసి, సందు సరిపోయాకే వెల్డింగ్ చేయాలి. మన షెడ్లలో టింకరింగ్ మేస్త్రీలు కొలతపట్టీ లేకుండా చేతివేళ్లతో తడిమి చెప్పే సంగతి ఇదే. తొలిసారి చేసేవాళ్లకు ఆ వేళ్లు ఉండవు, పట్టీయే దిక్కు.

వెల్డింగ్‌లో రేకు ఎందుకు ముడతలు పడుతుందో కూడా తెలుసుకోవాలి. వేడెక్కిన చోట ఉక్కు వ్యాకోచిస్తుంది. చుట్టూ ఉన్న చల్లటి రేకు దాన్ని కదలనివ్వదు. పోవడానికి దారిలేక ఆ వేడి భాగం తనలో తాను నలిగి కాస్త పొట్టిదవుతుంది. చల్లారాక ఆ పొట్టిదనం అలాగే ఉండి చుట్టూ రేకును లాగుతుంది. పొడుగునా ఒకే గీతగా వెల్డింగ్ చేసుకుంటూ పోతే ఈ లాగుడంతా ఒక పక్కకే పడుతుంది. అందుకే ఇక్కడో చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క పెట్టి, చేయి పెట్టేంత చల్లారనిచ్చి మళ్లీ రావాలి. ఓపిక లేనివాళ్లు ఈ పనిని బయట చేయించుకోవడమే మేలు, అందులో చిన్నతనమేమీ లేదు.

సిల్లులు, ఫ్లోరు, మడ్‌గార్డులు అన్నీ పోతే? ఎంజీబీకి చాలా పాత కార్లకు లేని వెసులుబాటు ఉంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత అచ్చులు వెతికి కూడబెట్టి, 1988 నుంచి ఈ కారు పూర్తి బాడీని కొత్తగా తయారుచేసి అమ్మింది. ఖరీదు తక్కువేం కాదు. కానీ నాలుగు పక్కలా పోయిన బాడీకి ముక్క ముక్క అతికే కూలీ లెక్క కట్టి చూస్తే చాలాసార్లు కొత్తదే చవక తేలుతుంది. అది పాత కారు ఎలా అవుతుందని గొణిగేవాళ్లుంటారు. వాళ్ల కారుకు తుప్పు లేదు కాబట్టి.

చిన్న భాగాల తుప్పు వదిలించడం మాత్రం సరదా పని. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి బట్టల సోడా కలిపి, తుప్పుపట్టిన భాగాన్ని బ్యాటరీ ఛార్జరు నెగటివ్‌కీ, పనికిరాని ఇనప ముక్కను పాజిటివ్‌కీ కలిపితే తుప్పు పట్టడం వెనక్కి నడుస్తుంది. ఎలక్ట్రాన్లను మనమే భాగానికి అందిస్తున్నాం కాబట్టి అది ఇక కరగదు, పట్టిన తుప్పు వదులై రాలిపోతుంది. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు, అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీట్లోకి దిగుతుంది. హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి ఆరుబయట చేయాలి. స్ప్రింగులను, గట్టి ఉక్కు బోల్టులను ఇందులో వేయకూడదు, హైడ్రోజన్ లోపలికి దూరి వాటిని పెళుసు చేస్తుంది.

పల్చటి తుప్పు మీద పూసే ‘రస్ట్ కన్వర్టర్’ సీసాలు బజారులో దొరుకుతాయి. పూయగానే ఎర్ర తుప్పు నల్లబడుతుంది. వాటిలో చాలావాటికి మూలం టానిక్ ఆమ్లం. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు ఈ రసాయనం తరతరాలుగా తెలుసు. వాళ్లు తుప్పుపట్టిన ఇనప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి, ఆ ద్రవంలో కలం ముంచి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తారు. కరక్కాయలోని టానిన్, ద్రవంలోని ఇనుము కలిసి నల్లటి ఐరన్ టానేట్ అవుతుంది, ఎన్ని ఉతుకులకూ పోదు. కారు రేకు మీద జరిగేదీ అదే. కాకపోతే అది పైపొరకే పనికొస్తుంది. పొరలు పొరలుగా లేచిన రేకు మీద పూసి రంగు కొడితే లోపలి బ్యాటరీ ఆగదు.

ప్రాణాల మీదకు వచ్చేవి నాలుగున్నాయి, వాటిని ముందే చెప్పుకుందాం. ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, ఆవిరీ గాలీ సరిపాళ్లలో కలిసేది అందులోనే. దాని దగ్గర వెల్డింగ్ చేయకూడదు. పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్మును గాలి గొట్టంతో ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనరు ఆరని చోట వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ విషవాయువు పుడుతుంది. జాకీ మీద ఉన్న కారు కింద, స్టాండ్లు పెట్టకుండా, ఒక్క క్షణం కూడా దూరకూడదు.

బోల్టుల సంగతి త్వరగా ముగిద్దాం. ఈ కారులో ఎక్కువ భాగం అంగుళాల కొలతలు. అర అంగుళం తలకు మన 13 మిల్లీమీటర్ల పానా పడుతుంది కానీ వదులుగా ఉంటుంది, అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లే. ఆ 0.3 మిల్లీమీటర్ల సందే తుప్పుపట్టిన బోల్టు మూలలు అరగదీసి గుండ్రం చేస్తుంది. అంగుళాల పానాల సెట్టు కొన్నాకే మొదలుపెట్టాలి. నట్టు రాకపోతే బలం కాదు, వేడి వాడాలి. నట్టును వేడి చేస్తే దాని రంధ్రం కూడా పెద్దదవుతుంది. చిన్నదవుతుందని చాలామంది అనుకుంటారు.

బ్రేకులను మొత్తంగా కొత్తవి వేయడం తప్ప వేరే మాట లేదు. గ్లైకాల్ బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీలుస్తూనే ఉంటుంది. కొత్త డాట్-4 ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. ఘాటులో దిగుతూ బ్రేకు నొక్కి నొక్కి వేడెక్కితే ఆ నీరు ఆవిరవుతుంది. ద్రవాన్ని నొక్కలేం, ఆవిరిని నొక్కగలం, కాబట్టి పెడలు నేలకు తగులుతుంది, కారు ఆగదు. తొలి ఎంజీబీల్లో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే సర్క్యూట్, అది పోతే మిగిలేది హ్యాండ్‌బ్రేకు. పాత రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బి ద్రవాన్ని వెళ్లనిచ్చి వెనక్కి రానివ్వకుండా పట్టేస్తాయి కూడా. పైకి బాగానే కనిపిస్తాయి, మార్చేయండి.

ఎలక్ట్రికల్ పనికి భయపడేవాళ్లు ఎక్కువ. ఇందులో లూకాస్ కంపెనీ సామాన్లుంటాయి. ఆ కంపెనీ పేరు 1961 నుంచి చెన్నైలోని లూకాస్-టీవీఎస్ ద్వారా మన మెకానిక్కులందరికీ తెలుసు. ఇంగ్లీషువాళ్లు మాత్రం ఆ కంపెనీని ‘చీకటి రాజ్యపు యువరాజు’ అని వెక్కిరించుకుంటారు. ఆ నింద సగం అన్యాయం. నా అంచనాలో దోషం ఎక్కువసార్లు ఎర్తుది. ఈ కార్లలో దీపం నుంచి కరెంటు తిరిగి వెళ్లే దారి బాడీ రేకే. ఎర్తు తీగ బిగించిన చోట తుప్పు పడితే అక్కడ నిరోధం పెరుగుతుంది. 12 వోల్టుల దగ్గర 4 ఆంపియర్లు తీసుకునే హెడ్‌లైటుకు ఆ తుప్పు అర ఓము అడ్డం పెట్టిందనుకోండి, దీపానికి అందేది దాదాపు 10.3 వోల్టులు. తగ్గింది ఏడో వంతే. కానీ ఫిలమెంటు వెలుతురు వోల్టేజితో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా నిటారుగా పడిపోతుంది. ఇక్కడ వెలుతురు దాదాపు 40 శాతం పోతుంది. కొత్త బల్బు కొని లాభం లేదు. ఎర్తు బోల్టు విప్పి, రేకును మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించాలి.

తీగల రంగులు ఒకసారి నేర్చుకుంటే చీకట్లో కూడా దారి తెలుస్తుంది. బ్రౌన్ తీగ బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా నేరుగా వచ్చేది, తెల్లది తాళం తిప్పాక ప్రాణం వచ్చేది, ఆకుపచ్చ దాని తరవాత ఫ్యూజు దాటి వచ్చేది, నలుపు ఎర్తు. 1967కి ముందు కార్లలో బ్యాటరీ పాజిటివ్ ఎర్తుకు ఉంటుంది. ఈ సంగతి తెలియక ఇప్పటి రేడియోనో ఆల్టర్నేటర్నో కలిపితే పొగ వస్తుంది.

ఇప్పుడు ఇంజను. సెల్ఫ్ కొట్టేముందు ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కాస్త నూనె పోసి, ఒక రోజు నాననిచ్చి, చేత్తో తిప్పి చూడాలి. పిస్టను రింగులు తుప్పుతో గోడకు అతుక్కుని ఉంటే సెల్ఫ్ బలానికి విరుగుతాయి. ఆ తరవాత పెట్రోలు. ఈ ఇంజను పుట్టినప్పుడు పెట్రోలులో సీసం కలిపేవారు. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ కనిపెట్టిన ఆ పద్ధతి ఇంజను ‘నాకింగ్’ ఆపింది, కోట్లాది మంది రక్తంలోకి విషం ఎక్కించింది. దాని పక్క ప్రయోజనం ఒకటుంది: సీసపు లవణాలు ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోట పల్చటి పొర కట్టి, లోహం లోహానికి అతుక్కుని చిరగకుండా కాపాడేవి. సీసం లేని పెట్రోలుతో గంటల కొద్దీ వేగంగా నడిపితే వాల్వు మెల్లగా హెడ్డులోకి దిగిపోతుంది. హెడ్డు ఎలాగూ విప్పుతాం కాబట్టి అప్పుడే గట్టి ఉక్కు సీట్లు వేయించుకుంటే ఆ గొడవ తీరిపోతుంది. పెట్రోలులో కలిపే ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. అమెరికా ఇ10కైనా, మన బంకుల ఇ20కైనా, దానికి తట్టుకునే గొట్టాలు వేయాల్సిందే. వేడి ఎగ్జాస్ట్ పక్కన పెట్రోలు కారే గొట్టం ఉండకూడదు.

చాలా ఎంజీబీల్లో ఉండే జంట ఎస్‌యూ కార్బురేటర్ల గురించి చెప్పకపోతే మనసు ఊరుకోదు. మామూలు కార్బురేటర్లో గాలి దారి ఒకే వెడల్పు, వేగాన్ని బట్టి పెట్రోలు రంధ్రాలు మారుతుంటాయి. ఇందులో ఇంజను ఎంత పీలిస్తే అంత పైకి లేచే పిస్టను గాలి దారినే పెంచి తగ్గిస్తుంది. ఆ పిస్టను అడుగున వేలాడే సన్నటి సూది కొనకు పోయేకొద్దీ సన్నబడుతుంది, అది పైకి లేచినకొద్దీ జెట్టులో పెట్రోలుకు దారి పెద్దదవుతుంది. గాలీ పెట్రోలూ ఒకే కదలికతో జోడీగా పెరుగుతాయి. శుభ్రం చేశాక పిస్టనును వేలితో ఎత్తి వదిలితే ఖంగుమని కింద పడాలి. జిడ్డుగా దిగితే ఎక్కడో రాసుకుంటోంది. ఇంజను నడుస్తుండగా పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టనును మిల్లీమీటరు ఎత్తి వినాలి. వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ, ఇంజను ఆగిపోబోతే తక్కువ, ఒక్క క్షణం పెరిగి మామూలైతే సరిగ్గా ఉంది. అరవై ఏళ్ల నాటి యంత్రం తన సంగతి తానే చెప్పే తీరు ఇది, దీనికి ల్యాప్‌టాపు కావాలా?

రంగు అయ్యాక, ఫిటింగు మొదలయ్యే ముందు, కొత్త సిల్లుల లోపలికి సన్నటి గొట్టంతో మైనం పిచికారీ చేయాలి. అడుగున నీరు పోవడానికి ఉంచిన రంధ్రాలు ఆ మైనంతో మూసుకుపోకుండా తీగతో పొడవాలి. మూసుకుపోతే ఎవాన్స్ చుక్క మళ్లీ లోపల చేరుతుంది.

ఇక తొలి షికారు. మీ కారుకు తీగ చువ్వల చక్రాలుంటే వాటిని పట్టి ఉంచేది నడుమ ఒకే ఒక పెద్ద నట్టు. దాన్ని రాగి తలకాయ ఉన్న సుత్తితో కొట్టి బిగిస్తారు, ఉక్కు సుత్తితో కొడితే నట్టు చెవులు విరుగుతాయి. కారుకు ఎడమ పక్క నట్లు మామూలు మరలు, కుడి పక్కవి ఎదురు మరలు. చక్రం ముందుకు తిరిగేటప్పుడు హబ్బుకూ చక్రానికీ మధ్య జరిగే సూక్ష్మమైన దొర్లుడు నట్టును చక్రం తిరిగే దిక్కుకు వ్యతిరేకంగా నెడుతుంది, ఈ అమరికలో అది బిగుసుకునే దిక్కు అవుతుంది. గతంలో ఎవరో హబ్బులు ఆ పక్కవి ఈ పక్క వేసి ఉంటే అదే దొర్లుడు నట్టును విప్పుతుంది. నట్టు మీద ‘విప్పు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటా, బాణం గుర్తూ ఉంటాయి. ఎడమ పక్క ఆ బాణం గడియారం ముల్లుకు ఎదురుగా, కుడి పక్క ముల్లుతో పాటుగా చూపించాలి. బయల్దేరే ముందు రెండు పక్కలా చూసుకోండి. వీధి చుట్టూ ఒక్కసారి తిరిగి వచ్చాక, చక్రం గాలిలోకి లేపి, నాలుగింటినీ సుత్తితో మరోసారి కొట్టండి.